సైనికుడి మనసు మీది బరువు: వియత్నాం యుద్ధ కథలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే యుద్ధంలో ఎదురెదురు పక్షాన పోరాడిన ఇద్దరు రాసిన రెండు పుస్తకాల మీద తరచూ వచ్చే ప్రశ్నలివి. ఒకటి అమెరికన్ రచయిత టిమ్ ఓబ్రయన్ పుస్తకం ‘ది థింగ్స్ దే కారీడ్’, 1990లో వచ్చింది. రెండోది హనోయ్ రచయిత బావో నిన్ నవల. ఇంగ్లీషులో దాని పేరు ‘ది సారో ఆఫ్ వార్’. కథల్లో ఏం జరుగుతుందో ఇక్కడ దాచలేదు. ముందే తెలిసిపోతే చదవబుద్ధి కాదు అనుకునేవాళ్లు పుస్తకాలు అయ్యాకే ఇటు రండి.

రాసినవాళ్లు నిజంగా యుద్ధం చేశారా?

చేశారు. ఓబ్రయన్ మిన్నెసోటా రాష్ట్రం వాడు. 1968లో డిగ్రీ పూర్తయిన కొద్ది రోజులకే సైన్యంలో చేరమని నోటీసు వచ్చింది. 1969–70లో క్వాంగ్ న్గాయ్ ప్రాంతంలో కాల్బలంలో పనిచేశాడు. అమెరికన్ సైనికులు ఊరివాళ్లను వందల్లో చంపిన మై లాయ్ ఉన్నది ఆ ప్రాంతంలోనే. ఆ ఘోరం జరిగిన ఏడాదికి ఈయన అక్కడికి చేరాడు.

బావో నిన్ 1952లో పుట్టాడు. 1969లో, ఇంకా మీసం కూడా సరిగ్గా రాని వయసులో, ఉత్తర వియత్నాం సైన్యంలో చేరాడు. ఆయన దళంలో వెళ్లిన 500 మందిలో 10 మందే మిగిలారని ఆయన పరిచయాల్లో రాస్తుంటారు. నవల 1990 ప్రాంతంలో వియత్నామీస్‌లో వచ్చింది. ఇంగ్లీషు అనువాదానికి 1994లో బ్రిటన్‌లో ఇండిపెండెంట్ ఫారిన్ ఫిక్షన్ ప్రైజ్ దక్కింది.

ఓబ్రయన్ పుస్తకం మొదట్లో అన్ని తూకాలెందుకు? పచారీ కొట్టు చిట్టాలా ఉంది.

మొదటి పది పేజీలు అలాగే అనిపిస్తాయి. మెషిన్‌గన్ మోసేవాడికి తూటాలు లేకుండానే 23 పౌండ్లు, అంటే పదిన్నర కిలోలు. రేడియో మోసేవాడికి బ్యాటరీతో కలిపి 26 పౌండ్లు. ఇనప టోపీ 5 పౌండ్లు. వీటి పక్కనే, అదే గొంతుతో, వేరే సామాన్లు కూడా చెబుతాడు: ఒకడి దగ్గర ప్రియురాలి మేజోళ్లు, ఇంకొకడి దగ్గర తాత ఇచ్చిన గొడ్డలి, మరొకడి దగ్గర నిద్రమాత్రల్లాంటివి, గంజాయి.

దళ నాయకుడు జిమ్మీ క్రాస్ దగ్గర మార్తా అనే అమ్మాయి రాసిన ఉత్తరాలు ఉంటాయి. వాటి బరువు 10 ఔన్సులు. ఆమె పంపిన గులకరాయి ఒకటుంటుంది, ఔన్సుకు మించదు. దాన్ని అతను నోట్లో వేసుకుని నాలుక మీద తిప్పుకుంటూ నడుస్తాడు.

ఇన్ని తూచినవాడు ఒక్కదాన్ని మాత్రం తూచకుండా వదిలేస్తాడు. టెడ్ లావెండర్ అనే కుర్రాడు కాల్పుల్లో పడిపోయినప్పుడు వాడి ఒంటిమీద ఎన్ని తూటాలున్నాయి, ఇంకా ఏమేం ఉన్నాయి అంతా లెక్కగట్టి, ఆ చిట్టా చివర తూకం వేయని భయాన్ని కూడా చేరుస్తాడు. అంతసేపు కిలోలు, ఔన్సులు చదివి ఉంటాం కాబట్టి ఆ మాట దగ్గర ఠక్కున ఆగిపోతాం. ‘అతను చాలా భయపడ్డాడు’ అని రాసి ఉంటే పేజీ తిప్పేసేవాళ్లం.

సైనికుడి మీద అన్నిటికన్నా పెద్ద బరువు భయమేనా?

కాదనే నా అభిప్రాయం. ఈ పుస్తకంలో భయాన్ని మించింది సిగ్గు. నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ. దీన్ని తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

‘ఆన్ ది రెయినీ రివర్’ అనే కథ చూడండి. కథ చెప్పేవాడికి 21 ఏళ్లు. ఆ వేసవిలో పందుల్ని కోసే ఫ్యాక్టరీలో పని, చచ్చిన పందుల మీద గడ్డకట్టిన రక్తాన్ని నీళ్ల పైపుతో కడగడం. ఎంత స్నానం చేసినా వాసన వదలదు. యుద్ధం తప్పని వాడికి తెలుసు. నోటీసు వచ్చాక ఒకరోజు ఎవరికీ చెప్పకుండా కారెక్కి ఉత్తరానికి, కెనడా సరిహద్దు దాకా వెళ్లిపోతాడు. అక్కడ ఎల్రాయ్ అనే 81 ఏళ్ల ముసలాయన లాడ్జిలో ఆరు రోజులుంటాడు. ముసలాయనకు విషయం అర్థమైపోతుంది, కానీ ఒక్క ప్రశ్న కూడా అడగడు. చివరి రోజు చేపలు పడదామని పడవలో తీసుకెళ్లి, కెనడా ఒడ్డుకు ఇరవై గజాల దూరంలో మోటారు ఆపి, గాలం వేసుకుని కూర్చుంటాడు. దూకితే దూకు, నాకేం తెలియదు అన్నట్టు.

వాడు దూకలేడు. ఒడ్డు మీద అమ్మానాన్న, ఊరి జనం, టీచర్లు, ఇంకా పుట్టని పిల్లలు కూడా నిలబడి తననే చూస్తూ కేకలు వేస్తున్నట్టు కనిపిస్తుంది. పడవలోనే ఏడుస్తాడు. తర్వాత యుద్ధానికి వెళ్తాడు. తాను పిరికివాణ్ణి కాబట్టే వెళ్లానని చివర్లో తనే చెబుతాడు.

మామూలు యుద్ధకథలో పిరికివాడు పారిపోతాడు, ధైర్యవంతుడు ముందుకెళ్తాడు. ఇక్కడ లెక్క తిరగబడింది. పుస్తకంలోని మిగతా కథల్లోనూ చాలాచోట్ల ఇదే నడుస్తుంది: సొరంగంలోకి దిగేవాడు, గుండ్ల కింద నడిచేవాడు పక్కవాడి ముందు చులకన కాకూడదనే ఆ పని చేస్తుంటాడు. పరువు కోసం చావడం, పరువు కోసం చంపడం.

కాని ఆయన నిజంగా ఆ నది దగ్గరికి వెళ్లలేదట కదా! మరి అది అబద్ధం కాదా?

వెళ్లలేదు. ఆ సంగతి ఆయనే ఉపన్యాసాల్లో చెప్పాడు. ముసలాయనా కల్పితమే. పుస్తకంలో కథ చెప్పేవాడి పేరు కూడా టిమ్ ఓబ్రయన్ కాబట్టి పాఠకులు మోసపోయామనుకుంటారు. ఆ కథ చెప్పేవాడికి ఉన్నట్టు చూపించిన కూతురు కూడా కల్పనే. అయితే పుస్తకం మొదట్లోనే ఇది కల్పన అని అచ్చువేశారు. ఆ వెంటనే, లేని సైనికుల పేర్లు రాసి పుస్తకాన్ని వాళ్లకే అంకితమిచ్చాడు! ఆటపట్టించడంలో గట్టివాడు.

నిజంగా జరిగింది చెబితే, ఆ వేసవంతా ఒక కుర్రాడు ఊళ్లో టెన్షన్‌తో తిరిగాడు, అంతే. లోపల పడిన నలుగుబాటు చదివేవాడికి అందాలంటే నది, పడవ, ఇరవై గజాల దూరం కావలసి వచ్చాయి. సొంత అనుభవాన్ని ఉన్నదున్నట్టు 1973లోనే ఒక పుస్తకంగా రాశాడు. అది మంచి పుస్తకమే, కానీ జనం గుర్తుపెట్టుకున్నది ఈ కల్పననే.

గేదె దూడ ఘట్టం చదవలేక పుస్తకం మూసేశాను. అది అవసరమా?

చాలామంది అక్కడే ఆగిపోతారు. ర్యాట్ కైలీ దళంలో వైద్య సహాయకుడు. వాడి ప్రాణస్నేహితుడు కర్ట్ లెమన్ ఆడుతూ ఆడుతూ పాతిపెట్టిన గుండు మీద కాలేసి ముక్కలైపోతాడు. ఆ రోజే దారిలో ఒక గేదె దూడ దొరుకుతుంది. కైలీ దానికి తన డబ్బాలోని తిండి పెట్టబోతాడు. అది తినదు. అప్పుడు మోకాలి మీద కాలుస్తాడు, తర్వాత చెవి మీద, తర్వాత వీపు మీద. వెంటనే చావకుండా చూసుకుంటూ కాలుస్తాడు. తోటివాళ్లు నిలబడి చూస్తారు, ఎవరూ ఆపరు. వాడు ఏడుస్తూ పక్కకు పోతాడు.

లెమన్ చనిపోయాక వాళ్ల చెల్లెలికి కైలీ పేజీలకు పేజీలు ఉత్తరం రాస్తాడు, అన్నయ్య ఎంత గొప్పవాడో చెబుతూ. జవాబు రాదు. ఈ రెండూ ఒకే కథలో ఉంటాయి. ఒకటి వదిలేసి రెండోది చదివితే కైలీ మీద జాలి మాత్రమే కలుగుతుంది, లేదంటే అసహ్యం మాత్రమే. రెండూ కలిపి మింగమంటాడు రచయిత. నా వరకు ఆ పేజీలు అవసరమే. దుఃఖం ఎప్పుడూ కన్నీళ్లుగానే బయటికొస్తుందని చెప్పే కథలు మనకు చాలానే ఉన్నాయి.

తోటివాడు పోతే ఆ తప్పు ఎవరిది?

అందరిదీ. కనీసం ఎవరికి వారు అలాగే అనుకుంటారు. ఇది ఈ పుస్తకంలో ఎంత బాగా కుదిరిందంటే, మూడు కథలు ఒక్క రాత్రి చుట్టూనే తిరుగుతాయి.

వానాకాలం, నది పక్కన ఒక పొలం. చీకటి పడుతోందని దళం అక్కడే మకాం వేస్తుంది. ఊరి ముసలమ్మలు పరుగెత్తుకొచ్చి వద్దు వద్దని అరుస్తారు. వాళ్లను తరిమేస్తారు. ఆ తర్వాత వాసనను బట్టి తెలుస్తుంది, అది ఊరివాళ్లు బహిర్భూమికి వెళ్లే పొలమని. అర్ధరాత్రి గుండ్లు పడతాయి. కయోవా అనే అందరికీ ఇష్టమైన కుర్రాడు ఆ బురదలో కూరుకుపోతాడు.

నార్మన్ బౌకర్ వాడి బూటు పట్టుకుని లాగాడు, కంపు భరించలేక వదిలేశాడు. కాబట్టి తప్పు తనదే. అక్కడ మకాం వేయమన్నది జిమ్మీ క్రాస్, కాబట్టి తప్పు అతనిది. కయోవా తండ్రికి ఏమని రాయాలో మనసులో రాసుకుంటూ, కొట్టేసుకుంటూ ఉంటాడు. ఇంకో కుర్రాడు, వాడికి పేరు కూడా లేదు, ప్రియురాలి ఫొటో చూపించడానికి టార్చిలైటు వేశాడు. ఆ వెలుగు చూసే శత్రువు కాల్చాడని వాడి నమ్మకం. తెల్లారాక అందరూ శవం కోసం వెతుకుతుంటే వాడు బురదలో ఆ ఫొటో కోసం తడుముతుంటాడు. ఇంతకీ బూటు వదిలేసింది బౌకర్ కాదు, తానేనని కథ చెప్పేవాడు వేరే చోట ఒప్పుకుంటాడు.

ఎవరిది తప్పో పుస్తకం తేల్చదు. ఒక్క చావుకు నలుగురు దోషులు, నలుగురూ ఒకరితో ఒకరు ఆ మాట అనుకోరు.

చంపిన మనిషి గురించి సైనికుడు ఏమనుకుంటాడు?

‘ది మ్యాన్ ఐ కిల్డ్’ అనే చిన్న కథలో శవం తప్ప ఏమీ ఉండదు. సన్నటి కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయి, ఒక కంటి చోట నక్షత్రం ఆకారంలో రంధ్రం. కథ చెప్పేవాడు పలకడు, కదలడు. పక్కన, అప్పటికింకా బతికే ఉన్న కయోవా ఏదో ఒకటి మాట్లాడమని బతిమాలుతుంటాడు. ఆ మౌనంలోనే వీడు ఆ చచ్చినవాడికి ఒక జీవితం అల్లుతాడు: లెక్కలంటే ఇష్టం, పోరాటమంటే భయం, అయినా కుటుంబానికీ ఊరికీ తలవంపులు తేకూడదని యుద్ధానికొచ్చాడు.

అంటే తనను అక్కడికి తెచ్చిన సిగ్గునే శత్రువుకు కూడా అంటగట్టాడు. అది జాలో, తనకు తాను వేసుకున్న శిక్షో మీరే చూసుకోండి.

గెలిచినవాళ్లకు ఈ బాధ ఉండదు కదా?

బావో నిన్ నవల మొత్తం ఈ ప్రశ్నకే జవాబు. ఆయన కథానాయకుడు కియెన్ గెలిచిన సైన్యం వాడు. యుద్ధం అయిపోయిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలంలో అతనికి అప్పగించిన పని, చనిపోయిన తోటి సైనికుల అవశేషాలు వెతికి పోగుచేయడం. వెళ్లేది తన దళం తుడిచిపెట్టుకుపోయిన అడవికే. దానికి సైనికులు పెట్టుకున్న పేరు అరిచే ఆత్మల అడవి. రాత్రి వాన పడుతుంటే లారీలోనే ఉయ్యాల కట్టుకుని పడుకుంటాడు, కింద పోగుచేసిన ఎముకలు.

హనోయ్‌కి వచ్చాక రాత్రుళ్లు రాయడం మొదలుపెడతాడు. కథ ఒక వరసలో సాగదు. 1975 నుంచి 1965కి, అక్కడి నుంచి చిన్ననాటి ప్రియురాలు ఫుయోంగ్ దగ్గరికి, మళ్లీ అడవికి. కొందరికి ఇది చిరాకు తెప్పిస్తుంది. అతను చివరికి కాగితాలు వదిలేసి ఎటో వెళ్లిపోతాడు, మేడ మీద ఉండే మూగ ఆవిడ వాటిని దాస్తుంది, వేరొకరు దొరికిన వరసలోనే కూర్చి మనకందిస్తారు. జ్ఞాపకం వరసగా రానివాడి కథను వరసగా చెబితే అది వాడి కథ కాదు. ఒక యాభై పేజీలు ఓపిక పట్టండి.

గెలిచాక వచ్చే ఈ శూన్యం మనకు కొత్తదేం కాదు. యుద్ధం ముగిశాక తర్పణాలు వదిలేటప్పుడు కర్ణుడు మీ అన్న అని కుంతి చెబుతుంది. ధర్మరాజు ఈ గెలుపూ వద్దు, రాజ్యమూ వద్దు, అడవికి పోతానంటాడు. స్త్రీపర్వం, శాంతిపర్వం తిక్కన తెలుగులో ఉన్నాయి. మన ఇళ్లల్లో పద్దెనిమిది రోజుల యుద్ధం గురించి చెప్పినంత ఇష్టంగా ఆ తర్వాతి రోజుల గురించి చెప్పరు.

ప్రాణనష్టంలోనూ తేడా గుర్తుంచుకోవాలి. వాషింగ్టన్‌లో 1982లో కట్టిన స్మారక గోడ మీద 58,000కు పైగా అమెరికన్ పేర్లున్నాయి. తమ వైపు సుమారు 11 లక్షల మంది పోరాడుతూ చనిపోయారని వియత్నాం ప్రభుత్వం 1995లో ప్రకటించింది.

ఇంటికి తిరిగొచ్చాక ఏమవుతుంది?

అమెరికన్ సైనికుడికి వియత్నాంలో సాధారణంగా పన్నెండు నెలల డ్యూటీ. గడువు కాగానే ఒక్కడే విమానమెక్కేవాడు. దళమంతా కలిసి వెళ్లి కలిసి రావడమనేది లేదు. నిన్న బురదలో, ఎల్లుండి సొంత మంచం మీద. మధ్యలో ఎవరితోనూ మాట్లాడే వ్యవధి లేదు.

బౌకర్ కథ ఇక్కడే. జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం, నాన్న కారు తీసుకుని ఊరి చెరువు చుట్టూ తిరుగుతుంటాడు. ఏడు పతకాలొచ్చాయి, ఎనిమిదోది ఎలా తప్పిపోయిందో ఎవరికైనా చెప్పాలని ఉంది. నాన్న టీవీలో ఆట చూస్తుంటాడు. పాత ప్రియురాలికి పెళ్లైపోయింది. ఒక డ్రైవ్-ఇన్ హోటల్ దగ్గర ఆగి మైకులో బర్గర్ ఆర్డర్ చేస్తాడు. తిన్నాక మళ్లీ మీట నొక్కితే, మైకులో గొంతు ఏం కావాలో చెప్పమని, వింటానని అంటుంది. ఊరంతటిలో వింటానన్నది ఆ డబ్బా ఒక్కటే. వీడు ఏం లేదని వెళ్లిపోతాడు. చెరువు చుట్టూ పన్నెండు సార్లు తిరుగుతాడు.

తర్వాతి కథలో తెలుస్తుంది, కొన్నేళ్లకు బౌకర్ ఉరేసుకున్నాడని. రచయిత ఆ సంగతి ఒక్క వాక్యంలో, గొంతు పెంచకుండా చెప్పేస్తాడు.

ఇదంతా పీటీఎస్‌డీ అనే జబ్బేనా?

లక్షణాలు కలుస్తాయి. ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా పీడించే జబ్బునే పీటీఎస్‌డీ అంటారు. యుద్ధంలో సైనికుల మనసుకు తగిలే ఇలాంటి దెబ్బను 1915లో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మయర్స్ షెల్ షాక్ అని రాశాడు. పీటీఎస్‌డీ అనే పేరుతో అమెరికా మానసిక వైద్యుల అధికారిక పుస్తకంలోకి ఎక్కింది 1980లో. అందుకు వియత్నాం నుంచి వచ్చిన సైనికులు, వాళ్ల తరఫున నిలబడిన వైద్యులు గట్టిగా పోరాడారు. మాజీ సైనికులకు వైద్యం చేసిన జోనథన్ షే, గ్రీకు వీరుడు అకిలీస్ కథను వీళ్ల అనుభవాల పక్కన పెట్టి 1994లో ఒక పుస్తకం రాశాడు. భయంతో పాటు, తప్పు జరిగిందన్న గాయం కూడా మనిషిని కూల్చేస్తుందని ఆయన వాదన. ఈ కథలకు అది బాగా సరిపోతుంది.

అయినా కథ చదువుతూ లక్షణాల పక్కన టిక్కులు పెట్టకండి. బౌకర్‌కు పేరున్న జబ్బు ఉందని తేల్చేస్తే ఆ ఊరికి బాధ్యత తీరిపోతుంది.

అమెరికన్ కథల్లో వియత్నాం జనం ఏరి?

తక్కువే. పొలం దగ్గర అరిచే ముసలమ్మలు, కాలిన ఇంటి ముందు నాట్యం చేసే అమ్మాయి, శవాలు. ఓబ్రయన్ పుస్తకానికి ఇది నిజమైన లోటు. ఆడవాళ్ల విషయంలోనూ అంతే: మార్తా ఎక్కువగా ఒక ఫొటో. బావో నిన్ నవలలో ఫుయోంగ్‌కు జరిగింది ఘోరమైనా, ఆమెకంటూ కోపం, కోరిక, నిర్ణయం ఉంటాయి. రెండు పుస్తకాలూ కలిపి చదవమనడానికి ఇదొక కారణం.

మన దగ్గర ఇలాంటి సైనికులు లేరా?

ఎందుకు లేరు? మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. ఆ యుద్ధం నాటి నుంచీ అక్కడ తరం వెంట తరం సైన్యంలో చేరుతున్నారు. సినిమాకొస్తే, క్రిష్ తీసిన ‘కంచె’ 2015లో రెండో ప్రపంచ యుద్ధంలోని తెలుగు సైనికుణ్ణి తెరమీదికి తెచ్చింది.

అడగడమే మనకు అలవాటు లేదు. సెలవు మీద ఊరొచ్చిన మిలటరీ ఆయన్ని క్యాంటీన్‌లో ఏం చవగ్గా దొరుకుతాయి, పెన్షన్ ఎంతొస్తుంది, పొలం ఇచ్చారా అని అడుగుతాం. బార్డర్‌లో రాత్రి కాపలా ఎలా ఉంటుందని అడిగేవాళ్లు తక్కువ. పండగ పూట టపాకాయలు పేలుతుంటే ఆయన లోపలి గదిలోకి ఎందుకెళ్లాడో పట్టించుకునేవాళ్లు ఇంకా తక్కువ.

మా ఇంట్లో సైన్యం నుంచి వచ్చినవాళ్లున్నారు. ఈ పుస్తకాలు ఇవ్వొచ్చా?

అడిగి ఇవ్వండి. ఆశ్చర్యపరుద్దామని ఇవ్వకండి. గేదె దూడ ఘట్టం, బౌకర్ చావు, కియెన్ అడవి, ఇవన్నీ పాత గాయం రేపగలవు. మీరు ముందు చదివి, ఏముందో చెప్పి, కావాలంటేనే ఇవ్వడం మంచిది. నిద్ర పట్టకపోవడం, తాగుడు పెరగడం, చచ్చిపోవాలని ఉందనడం లాంటివి కనిపిస్తే పుస్తకం పక్కన పెట్టి వైద్యుణ్ణి కలవాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఏది ముందు చదవాలి? ఇంగ్లీషు కష్టమా?

ఓబ్రయన్‌తో మొదలుపెట్టండి. వాక్యాలు చిన్నవి, కథలు విడివిడిగా చదువుకోవచ్చు. సైనికుల యాస, ఆయుధాల పేర్లు మొదట్లో తికమక పెడతాయి, అవి తెలియకపోయినా కథ ఆగదు. మొదటి కథ, నది కథ, బౌకర్ కథ చదివి నచ్చితే మిగతావి వరసగా చదవండి. బావో నిన్‌కు కొంచెం ఖాళీ సమయం కావాలి. బస్సులో పది పేజీలు, లంచ్‌లో ఐదు పేజీలు అని చదివితే ఏ ఏడాదిలో ఉన్నామో తెలియక విసుగొస్తుంది.